తప్పు పూడ్చే కవా

నందోలోవా, కందావు దీవి
4 మార్చి 1996

మా అక్కని ఎత్తుకుపోయిన బావకి,

నీ మొహం ఆ లౌతోకా రేవులోని క్రేనులా ఇంకా వంకరగానే ఉందనీ, దాన్ని రోజూ చూసే మా అక్క క్షేమంగానే ఉందనీ తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం. అంటే, బతికున్నాం.

వేళ్ళు దంచడం, నీళ్ళల్లో కలపడం, తాగడం, కిందటి వారమంతా కవా గిన్నె ముందే గడిచిపోయింది. బడి పైకప్పు వెయ్యడానికి వడ్రంగులు వచ్చారు, వాళ్ళకి స్వాగతం. మర్నాడు పని మొదలుపెట్టారు, అందుకోసం. ఆ తరవాత ఒకడు నిచ్చెన మీదనుంచి జారిపడ్డాడు, వాడి కాలు బాగవ్వాలని. వాడి కాలికి ఏమీ కాలేదని తేలాక, ఆ సంతోషానికి ఇంకోసారి. నాన్న పోయి ఇంటి పెద్దరికం నా మీద పడ్డాక నాకు తెలిసిందేమిటంటే, పెద్దరికమంటే అందరికన్నా ముందు కొబ్బరి చిప్ప అందుకోవడం, అందరికన్నా ఆఖర్న లేవడం. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. తాగీ తాగీ చేతుల మీద చర్మం ఎండుచేపలా పొరలు లేస్తోంది. "నువ్వు మనిషివా, బల్లివా?" అంటోంది మా ఆవిడ. పొద్దున్నే తోటకి పోదామంటే ఒళ్ళు లేవదు. లేచేసరికి ఎండెక్కిపోతుంది. అలిసిపోయాను బావా. కానీ ఏం చేస్తాం? ఆ గిన్నె దగ్గరికి రాకుండా ఈ ఊళ్ళో పెళ్ళి కుదరదు, శవం లేవదు, పడవ కదలదు.

ఇక అసలు సంగతి. దీని గురించి మనిద్దరం ఇన్నేళ్ళూ ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. బావాబావమరుదులు ఎగతాళి తప్ప ఇంకేం మాట్లాడుకోకూడదని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి మనిద్దరికీ బాగా కలిసొచ్చింది. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మొన్న గిన్నె దగ్గర లైతియా చిన్నాన్న ఉన్నట్టుండి నీ పేరెత్తాడు. నువ్వు ఎండుకొబ్బరి పడవలో కళాసీగా ఈ ఒడ్డుకి వచ్చినప్పుడు నిన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో చిప్ప అందించింది ఆయనే కదా. తెల్లారి చూస్తే పడవ లేదు, నువ్వు లేవు, అక్క లేదు. ఆ మాట తలుచుకుంటే ఆయన గడ్డం ఇప్పటికీ వణుకుతుంది. కానీ మొన్న ఏమన్నాడో విను.

"అతను రాలేదు. అతనివాళ్ళూ రాలేదు. తప్పు పూడ్చే కవా ఈ గుమ్మంలోకి రానేలేదు. మా అన్న ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు. నేను పోయేలోగా తెస్తే మాత్రం తీసుకుంటాను. కాదనను."

ఆయన నోట ఈ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అమ్మని పూడ్చిన రోజున అక్క వచ్చి, పరాయివాళ్ళ వెనకాల నిలబడి, ఇంట్లో అడుగు పెట్టకుండా అదే పడవలో తిరిగిపోయింది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. అలాంటిది మళ్ళీ జరగకూడదు. రా బావా. ఒక కట్ట కవా పట్టుకుని, తల వంచుకుని గుమ్మం దగ్గర కాసేపు కూర్చుంటే అయిపోతుంది. నీ తల ఎటూ పెద్దగా పనికొచ్చేది కాదు కదా, వంచితే నష్టమేముంది?

కాళ్ళు వాస్తున్నాయని అక్క రాసింది. ఎందుకట?

నీ మేలు కోరని,
కమినియేలి

*

లౌతోకా
27 మార్చి 1996

బల్లిగా మారిపోతున్న బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కే చదివి వినిపించింది. "చిన్నాన్న గడ్డం నెరిసిందా?" అని అడిగింది. నాకేం తెలుసు? నేను చూసినప్పుడు ఆయనకి నల్లటి గడ్డం, చేతిలో చిప్ప. అంతే గుర్తు.

కాళ్ళ వాపు తగ్గలేదు. పొద్దున్నపూట మొహం కూడా ఉబ్బుతోంది. కిడ్నీలు పాడయ్యాయని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఉప్పు తినకూడదు, నీళ్ళు కూడా కొలిచి తాగాలి. "సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని ఉప్పు తినొద్దంటే ఎలా?" అని ఆ డాక్టరుతోనే వాదించింది మీ అక్క.

ఇప్పుడు నేను రాసేది నవ్వకుండా చదువు. క్రిస్మస్ నుంచి నేను కవా ముట్టడం లేదు.

ఎలా జరిగిందో చెప్తాను. ఒక సాయంత్రం వాన వల్ల రోజూ కవా తాగే రేవు షెడ్డుకి వెళ్ళలేక ఇంట్లో ఉండిపోయాను. మీ అక్క కర్రపెండలం చెక్కు తీస్తోంది. కాసేపయ్యాక తలెత్తకుండానే అంది, "పెళ్ళయినప్పట్నించీ నీ వీపే చూశాను. చీకటి పడేవేళ వెళ్ళిపోయే వీపు, వచ్చి పడుకున్నాక ఇటు తిరగని వీపు. నీ మొహం ఎలా ఉంటుందో పక్కింటి సరన్‌నే అడగాలి." సరన్ చెరుకు తోటల మనిషి, మా షెడ్డులో రోజూ నా ఎదురుగా కూర్చునేవాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నాకింకా ఎన్నాళ్ళున్నాయో తెలీదు. ఆ సాయంత్రాలు నాకిచ్చెయ్," అంది.

ఇచ్చేశాను. ఆమె వెళ్ళే కొత్త చర్చికి తనతోపాటు వెళ్ళి, అందరి ముందూ మాటిచ్చాను. ఆ పాస్టరు గారు గట్టి మనిషి. తాగకూడదు, పొయ్యకూడదు, కానుకగా ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అన్నారు. సరేనన్నాను.

మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తరవాత తరవాత ఒక్కొక్కటే తెలిసింది. మీ అక్క పని చేస్తూ సన్నగా పాడుకుంటుంది. ఇల్లు ఊడుస్తూ మధ్యలో కూర్చుండిపోతుంది. ఎప్పట్నుంచి ఇలా కూర్చుంటున్నావని అడిగితే, "నువ్వు షెడ్డులో ఉన్నప్పట్నుంచీ," అంది. ఇంట్లో ఉంటే ముందే చూసేవాణ్ణి కదా.

అందుకని బావమరిదీ, కవా పట్టుకుని నేనెలా రాను? ఆమె కోసమే ఆ మాటిచ్చాను. ఆమె కోసమే ఆ మాట తప్పాలా? రొట్టెలు కాల్చి తెస్తే మీ చిన్నాన్న పుచ్చుకుంటాడేమో కనుక్కో.

గిన్నె ముందు చిప్ప చిప్పకీ చప్పట్లు కొట్టీ కొట్టీ అరిగిపోయిన నీ చేతులకి నమస్కారం.

ఫిలిమోనే

*

నందోలోవా
18 ఏప్రిల్ 1996

రొట్టెల బావకి,

నువ్వు కవా మానేశావన్న మాట గిన్నె దగ్గర చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఒకడికి పొలమారింది. "కళాసీలు సముద్రం మానేశామంటే నమ్ముతాను గానీ ఇది నమ్మను," అన్నాడు. చిన్నాన్న ఒక్కడే నవ్వలేదు. "రావడానికి మనసు లేకపోతే సాకులు వాటంతటవే దొరుకుతాయి," అన్నాడు.

నాకు మాత్రం నీ బాధ అర్థమైంది. ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న ఇంట్లో మంచి కవా కట్ట కొనాలంటే మాటలు కాదు. ఆ సంగతి నాతో చెప్పుకోలేక పాస్టరు గారి వెనక దాక్కున్నావు. నాతో దాపరికం ఎందుకు? కిందటి వారం తోటలో, నాన్న ఉన్నప్పుడు నాటిన మొక్క ఒకటి తవ్వించాను. వేళ్ళు నా మోచేతంత లావున్నాయి. కడిగి, ఎండబెట్టి, మంచి చాప ముక్కలో చుట్టించాను. పడవ సరంగు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చెయ్యాల్సిందల్లా దాన్ని పట్టుకుని రావడమే. ఎక్కడిదని ఎవరూ అడగరు. అడిగితే నేనున్నాను.

అక్కకి చెప్పు, ఈ ఏడు చేమదుంప బాగా ఊరింది. ఇంటి వెనకాల ఊట నీళ్ళు ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి.

వాకిట్లో ఎదురుచూస్తూ,
కమినియేలి

*

లౌతోకా
10 మే 1996

కమినియేలికి,

నీ కట్ట అందింది. అది ఎలా అందిందో నీకు తెలియాలి. మీ అక్క తితిలియా కోసం ప్రార్థన చెయ్యడానికి పాస్టరు గారూ సంఘంవాళ్ళూ మా ఇంట్లో మోకాళ్ళ మీద ఉన్నారు. ఆ సమయానికి మీ సరంగు గుమ్మంలో నిలబడి, "ఫిలిమోనే! కందావు నించి నీ బావమరిది కవా పంపాడు, పండగ చేసుకో!" అని కేకేశాడు. పాస్టరు గారు కళ్ళు తెరిచి ఒకసారి చూసి మళ్ళీ మూసుకున్నారు. అంతకన్నా తిట్టినా బాగుండేది. మందు వేసుకుని పడుకుని ఉంది కాబట్టి మీ అక్కకి ఈ సంగతి తెలీదు. చెప్పలేదు కూడా.

నన్ను ఎగతాళి చేసే హక్కు నీకుంది. నేనిచ్చిన మాటని ఎగతాళి చేసే హక్కు లేదు. నీకు నిజం రాశాను. దాన్ని పదిమందిలో చదివి నవ్వించావు.

అది సరే. మీ ఇంటికి వచ్చి నేను చెప్పాల్సిన క్షమాపణకి మీ తోటలో కవానే పంపుతావా? రేవులో మూటలు మోసి ఇంటిని నిలబెట్టినవాణ్ణి నేను. నా తప్పు కడుక్కోవడానికి నీళ్ళు కూడా నువ్వే పొయ్యాలా? నేనంత చేతకానివాణ్ణని నీకు ఎప్పట్నుంచి అనిపిస్తోంది?

కట్ట విప్పలేదు. ఇంట్లో ఉంచుకోలేను, ఇంకొకరికి ఇవ్వలేను. అదే సరంగుతో తిప్పి పంపుతున్నాను.

ఫిలిమోనే

*

నందోలోవా
2 జూన్ 1996

ఫిలిమోనే గారికి,

మీరు పంపింది చేరింది.

పడవ వచ్చేసరికి కిరసనాయిలు కోసం ఊరంతా ఒడ్డునే ఉంది. చిన్నాన్న అక్కడే వల బాగు చేసుకుంటున్నాడు. సరంగు కట్టని ఇసకలోకి దింపాడు. చిన్నాన్న దాన్ని చూశాడు, చుట్టిన చాపని చూశాడు.

"ఇది మన చాపే కదరా?"

చెప్పక తప్పలేదు. నేనే చాటుగా పంపాననీ, అది తిరిగొచ్చిందనీ చెప్పాను. ఆయన అరవలేదు. అరిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

"మనకి జరిగిన తప్పు పూడ్చుకోవడానికి మట్టి కూడా మనమే మోశామా? మోసిన మట్టిని అతను మన మొహాన కొట్టాడా? నా పుట్టుక పుట్టాక ఈ ఒడ్డుకి కవా తిరిగి రావడం నేను చూళ్ళేదు కమినియేలీ. చావు ఇంటికి పంపినా తిప్పి పంపరు. పగవాడికి పంపినా తిప్పి పంపరు."

వల అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తీసుకుంటానన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఆ సాయంత్రమే అందరికీ చెప్పించాడు. కట్టని ఇంట్లోకి తేనివ్వలేదు. పడవల పాకలో వానకి తడుస్తోంది.

మీకు చేతకాదని నేను ఎన్నడూ అనుకోలేదు. మీరు నా స్నేహితులని అనుకున్నాను. అలిసిపోయాను. ఇక దీని గురించి రాయను.

కమినియేలి

*

లౌతోకా
21 జూన్ 1996

కమినియేలీ,

నీ ఉత్తరం నేను పనిలో ఉండగా వచ్చింది. తితిలియా విప్పి చదివేసింది. నేను ఇంటికొచ్చేసరికి ఆమె అన్నం వండుతోంది. నేనే మొత్తం చెప్పుకొచ్చాను. వింటూ కూర్చుంది. "మగాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరికి ఎంత ప్రేమో చూపించుకోబోయి నా దారి మూసేశారు," అంది.

మర్నాడు, సువా వెళ్ళి కూతురి దగ్గర కొన్నాళ్ళుండి, అక్కడి ఆసుపత్రిలో చూపించుకుంటానంది. మంచిదే అనిపించింది. లోసలీని అక్కడ ఉద్యోగంలో ఉంది, దాని గది ఆసుపత్రికి దగ్గర. నేనే బస్సెక్కించాను. చర్చికి కట్టుకునే బట్టలు పెట్టుకుంది, మీ అమ్మ అల్లిన చాప కూడా చుట్టి పట్టుకుంది. ఆసుపత్రికి చాప ఎందుకే అంటే, "అక్కడ నేల చల్లగా ఉంటుంది," అంది.

మన గొడవ గురించి సువాకి ఏమీ రాయకు. ఆమె మనసు కాస్త కుదుటపడనీ. ఇది ఒక్కటే అడుగుతున్నాను.

ఫిలిమోనే

*

నందోలోవా
8 జులై 1996

బావా,

అక్క ఇక్కడుంది. బాగానే ఉంది. ముందు ఆ మాట రాసి, మిగతాది తరవాత రాస్తున్నాను.

శనివారం పడవలో లోసలీనిని వెంటబెట్టుకుని వచ్చింది. సముద్రం బాగా పోటు మీదుంది, దారంతా వాంతులు చేసుకుందట. ఒడ్డున దింపితే ఇసకలో చాప పరుచుకుని కూర్చుంది. కబురు తెలిసి పరిగెత్తాను. లేవదీద్దామని చెయ్యి పట్టుకోబోతే, "ముట్టుకోకు. ఇంకా కాదు. వెళ్ళి చిన్నాన్ననీ పెద్దవాళ్ళనీ ఇంట్లో కూర్చోమను. నేను కవా తెచ్చానని చెప్పు," అంది.

తెచ్చింది బావా. సువా బజారులో కొన్న కట్ట. ముసలి వేళ్ళు, సగం పుల్లలు. మన తోటలో అయితే అలాంటివి పొయ్యిలో పెడతాం. దానికి ఎర్ర రిబ్బను కట్టి పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

పెద్దలందరూ వచ్చి కూర్చున్నారు. మా వైపు మాట్లాడే పెద్దమనిషి, అలా కుదరదన్నాడు. తప్పు పూడ్చే కవా మగాడు తేవాలి, అదీ మొగుడి వైపు మగాడు తేవాలి, ఆడమనిషి తన పుట్టింటికి తనే తేవడం ఎక్కడా లేదన్నాడు. గుమ్మం బయటినుంచే అక్క అంది, "మా ఆయన వైపు మగాళ్ళందరూ ఇన్నేళ్ళూ ఏం తెచ్చారో చూశారుగా." వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నాన్న చెయ్యెత్తి, "రానివ్వండి. గుమ్మం దగ్గరే," అన్నాడు.

నడుం వంచుకుని వచ్చి, దిగువన గుమ్మం పక్కనే కూర్చుంది. అమ్మ చాప ముందర పరిచి, దాని మీద కట్ట పెట్టింది. నేను ఎగువన, పుచ్చుకునేవాళ్ళ వైపు కూర్చుని ఉన్నాను. మా అక్క అలా తల వంచుకుని కింద, నేను పైన. ఆ చోటు నాకు ముళ్ళలా గుచ్చుకుంది.

మామూలుగా చెప్పే పెద్ద పెద్ద మాటలు ఆమెకి రావు. ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"ఈ కవా చిన్నది. తెచ్చిన మనిషి అంతకన్నా చిన్నది. మీరు మర్యాద చేసి కూర్చోబెట్టిన మనిషితో వెళ్ళిపోయాను. అతను నన్ను ఎత్తుకుపోయాడని ఊరంతా అంటుంది, నేనూ అననిచ్చాను. అతనెత్తుకుపోలేదు. ఈ కాళ్ళతోనే నీళ్ళల్లోకి దిగి పడవెక్కాను. రానంటే నన్నిక్కడే వదిలేసి పోయేవాడు, అంత పిరికివాడు. ఆ కాళ్ళు ఇవే, చూడండి ఎలా అయిపోయాయో. అతను కవా తిప్పి పంపింది మిమ్మల్ని కాదని కాదు. ముట్టుకోనని నాకు మాటిచ్చాడు. నేను అడిగితే ఇచ్చాడు. నాన్నకి చెప్పాల్సింది నాన్న పోయాక చెప్తున్నాను. తీసుకోండి, తీసుకోకపోండి. నేనింక మొయ్యలేను."

అందరూ నేల చూస్తూ కూర్చున్నారు. చిన్నాన్న ఆమె కాళ్ళవైపే చూస్తున్నాడు. ఆ తరవాత ఆయనే, మాట్లాడే పెద్దమనిషిని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద గుమ్మందాకా వెళ్ళి కట్ట అందుకున్నాడు. రెండు చేతులూ గుల్ల చేసి చప్పట్లు కొట్టి, "తీసుకున్నాం. పూడ్చేశాం," అన్నాడు.

అక్కడే దంచి కలిపారు. మొదటి చిప్ప చిన్నాన్నది. రెండోది తప్పు ఒప్పుకున్నవాడు తాగాలి. చిప్ప అందించేవాడు దాన్ని పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు, ఎవరికివ్వాలో తెలీక.

"ఇది ఎవరిది?" అన్నాడు చిన్నాన్న.

"మా ఆయనది. ఆయన రాలేడు. వచ్చినా తాగలేడు. ఇలా తే."

"అమ్మా, వద్దు! డాక్టరేం చెప్పాడు?" అంటూ లోసలీని లేచింది. అక్క వినిపించుకోలేదు. చిప్ప అందుకుని గటగటా తాగేసింది. మొహం చూడాలి బావా! పచ్చి కాకరకాయ నమిలినట్టు.

"ఛీ! ఇంత చేదా! దీనికోసమా మీరందరూ కొంపలు మరిచిపోయేది?"

ఇల్లంతా గొల్లుమంది. చిప్ప ఖాళీ అయితే "మదా!" అని అందరం అరుస్తాం కదా, ఆ అరుపు అందరికన్నా ముందు చిన్నాన్న నోటినుంచే వచ్చింది. చప్పట్లు కొడుతూనే ఏడ్చాడు. "అమ్మాయికి మంచినీళ్ళు ఇవ్వండి, ఒక్క గుక్కే," అన్నాడు.

ఇప్పుడు లోపల అమ్మ పడుకునే చోట పడుకుంది. నీకు ముందుగా చెప్పలేదని నాతో రాయమంది. చెప్తే ఆపేవాడివట.

నీ మాటని నవ్వులపాలు చేశాను. అది నా తెలివితక్కువతనం. అంతకుమించి రాయడం నాకు రాదు.

కమినియేలి

*

లౌతోకా
22 జులై 1996

కమినియేలీ,

నీ ఉత్తరం రాకముందే లోసలీని ఫోనులో ఏడుస్తూ అంతా చెప్పింది. రేవులో కూడా తెలిసిపోయింది. కందావువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. నా బదులు నా పెళ్ళాం పోయి గుమ్మం దగ్గర కూర్చుందని మూటలు దించుతూ చెప్పుకుంటున్నారు. నేను వెళ్తే మాట మారుస్తున్నారు.

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. వయసులో ఉంటే వచ్చేదేమో. ఒంట్లో ఓపిక లేదు. పని నుంచి వచ్చి కూర్చుంటే గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. షెడ్డుకి పోలేను, ఇంట్లో ఉండలేను. నిన్న సరన్ కంచె అవతలినుంచి, "అన్నా, ఊరికే వచ్చి కూర్చో, నీకు టీ పెడతాను," అన్నాడు. వెళ్ళాను. వాళ్ళు కవా తాగారు, నేను టీ తాగాను. ఆ సంగతి పాస్టరు గారికి ఎవరో అప్పుడే మోసేశారట.

ఆమె నన్ను పిరికివాడు అన్నదని రాశావు. నిజమే. ముందు మా నాన్న నా తరఫున వస్తానన్నాడు, రాకుండానే పోయాడు. తరవాత వెళ్దాంలే అనుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఒడ్డు ఇంకా దూరమైపోయింది. అందుకు శిక్షగానే ఆమె అక్కడ ఉండిపోయిందా? నిజం చెప్పు. గుమ్మం తెరుచుకుంది కదా, చూడాల్సినవాళ్ళని చూసింది కదా. ఇక పంపించెయ్. ఏ పడవలో పంపుతావో రాయి, సువా వచ్చి దింపుకుంటాను. ఆసుపత్రి తేదీలు దాటిపోతున్నాయి.

ఫిలిమోనే

*

నందోలోవా
11 ఆగస్టు 1996

బావా,

శిక్ష కాదు. నీ ఉత్తరం చదివి ఆమె ఎంత నవ్విందంటే దగ్గొచ్చింది. "శిక్ష వెయ్యాలనుకుంటే ఇన్నేళ్ళు ఆగుతానా?" అంది.

ఆమె రాదు బావా. పక్క ఊరి నర్సు వచ్చి చూసింది. వెంటనే సువా పంపమని నాతో విడిగా చెప్పింది. నేను బతిమాలాను, లోసలీని ఏడ్చింది, చిన్నాన్న గట్టిగా కేకలేశాడు. "సూదులు పొడిపించుకుంటూ అక్కడ ఇంకొన్నాళ్ళు, పొడిపించుకోకుండా ఇక్కడ కొన్నాళ్ళు. నేను లెక్క చూసుకున్నాను. మీరెవరూ చూడక్కర్లేదు," అంది. మొండిది. నీకు నేను చెప్పాలా?

పొద్దున్నే చిన్నాన్న తనే వల వేసి చేప తెస్తాడు. ఉప్పు లేకుండా కొబ్బరిపాలలో వండిస్తాడు. ఆమె ఒక ముక్క తిని, "గడ్డి తిన్నట్టుంది" అని తిడుతుంది. ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాడు. ఆయన్ని అలా తిట్టినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంతవరకూ లేరు. ఇంకో సంగతి. వీపులు చూసి విసిగిపోయానని నీతో అందట కదా, ఆ మాట ఇక్కడి ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. ఇప్పుడు మా ఇళ్ళల్లో అదే పాట. చిన్నాన్నే ఇప్పుడు పెందలాడే గిన్నె బోర్లించి, "పోండ్రా, పోయి మీ మొహాలు ఇంట్లో చూపించండి," అని తరిమేస్తున్నాడు. కవా తప్పదు, మానం కూడా. కానీ లేచి ఇంటికెళ్ళే దారి ఒకటుందని ఇన్నాళ్ళకి తెలిసింది.

ఇప్పుడు ఎగతాళి లేకుండా రాస్తున్నాను. ఎక్కువ కాలం లేదు. పొద్దున్న ఆమెకి చూపు మసకేస్తోంది. మాట్లాడుతూ మధ్యలో నిద్రపోతోంది. నీకు ఏం రాయమంటావని అడిగాను. "రమ్మను. గిన్నె దగ్గరికి కాదు, నా దగ్గరికి. ఇల్లరికం వచ్చాడని నవ్వుతారనుకుంటే నవ్వనీ, అలవాటైపోతుంది," అంది.

రా బావా. నీకు కవా పొయ్యనని చిన్నాన్న అందరి ముందూ చెప్పాడు. నీ ముందు ఖాళీ చిప్ప పెట్టి, దానికే చప్పట్లు కొడతాడట.

కమినియేలి

*

లౌతోకా
25 ఆగస్టు 1996

ఇంటల్లుణ్ణి చేసి నన్ను ఏడిపించబోయే బావమరిదికి,

పని మానేశాను. ఎలాగూ ఈ నడుంతో ఇంకెన్నాళ్ళో మొయ్యలేను. ఇల్లు సరన్ చూసుకుంటాడు. తితిలియా కుట్టుమిషనూ, తన తలగడా, డాక్టరు ఇచ్చిన మందులూ తెస్తున్నాను. వేసుకోదని తెలుసు. అయినా తెస్తున్నాను.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. తాగను, పొయ్యను, కానీ వాళ్ళ మధ్య కూర్చుంటాను, చప్పట్లు కూడా కొడతాను అని చెప్పాను. సంఘంలోంచి పేరు తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నారు. తీసెయ్యండి, మాట మీద మాత్రం ఉంటాను, అది మీకిచ్చింది కాదు, ఆమెకిచ్చింది అన్నాను. ఆమె కోసం ప్రార్థన చేస్తానని బస్టాండుదాకా నా మిషను మోసుకొచ్చారు. మనుషులు మనమనుకున్నంత గట్టివాళ్ళు కాదు.

ఈ పూటే సువాకి బస్సెక్కుతున్నాను, వచ్చే శనివారం పడవకి వస్తాను. అప్పటిదాకా ఆమెని ఉంచమని దేవుణ్ణి అడుగుతున్నాను. నువ్వు కూడా అడుగు. చిన్నాన్నని కూడా అడగమను, ఆయన మాట కాదనడం దేవుడికీ కష్టమే.

ఒక్కటే భయం. పెద్ద పడవ దూరాన ఆగితే చిన్న పడవలోంచి నీళ్ళల్లోకి దిగి నడవాలి కదా. అప్పట్లో కుర్రతనం, ఒక్క గెంతులో దిగేవాణ్ణి. ఇప్పుడు కుట్టుమిషను భుజాన పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా, తప్పకుండా జారిపడతాను. నాకు తెలుసు. పడితే నువ్వు నవ్వకు కమినియేలీ, ఆ ఒక్కసారికి ఊరుకో. ముందు చిన్నాన్నని నవ్వనివ్వు. ఆయన నవ్వితే అప్పుడు లేచి వస్తాను.

ఫిలిమోనే